జోజప్పగారి రెండో చెయ్యి

రొట్టెల దుకాణం వెనకగది, శనివారం మధ్యాహ్నం. దుకాణం యజమాని ఒక చేత్తో మైదా సంచి ఎత్తుకుని, రెండో చేత్తో రొట్టెల కర్ర నిలువుగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని ఒంటిమీద ఉన్న, గుడిలోని జోజప్పగారి విగ్రహానికి తొడగాల్సిన స్వెటర్‌ను భార్య చుట్టూ తిరిగి సర్దుతోంది.

"కదలొద్దన్నానా?"

"నేను కదల్లేదే. సంచి కదిలింది."

"అది సంచి కాదు, బాలయేసు. కాస్త భక్తిగా ఎత్తుకోండి. మైదా సంచిని పట్టుకున్నట్టు ఆ పట్టుకోవడమేమిటి?"

"మైదా సంచే కదా."

"జోజప్పగారు ఎప్పుడైనా ఇలా విసుక్కున్నారా? ఎండనక వాననక గుడి గుమ్మంలో నిలబడ్డారు. ఒక చేతిలో బిడ్డ, ఒక చేతిలో లిల్లీ కొమ్మ. నోరెత్తి ఒక్క మాట అన్నారా?"

"ఆయన సిమెంటు మనిషి."

"పాపం చుట్టుకుంటుంది. సిలువ గుర్తు వేసుకోండి."

"వేసుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు."

"మనసులో వేసుకోండి. ఆ లిల్లీ కొమ్మ వంగిపోతోంది, నిటారుగా పట్టండి. పొట్ట లోపలికి పీల్చండి."

"పీల్చాను."

"ఇంకాస్త."

"ఇంకాస్త పీలిస్తే వెన్నుకు తగులుతుంది."

"జోజప్పగారికి పొట్ట లేదండీ. వడ్రంగి ఆయన. కష్టపడే మనిషి."

"నేను కూర్చుని తింటున్నానా? ఊరంతా ముసుగుతన్ని పడుకున్నప్పుడు లేచి పిండి కలుపుతున్నాను."

"కలుపుతున్నారు, కాలుస్తున్నారు, ఎలా ఉందో రుచి చూస్తున్నారు. ఆయన బల్లలు చేశారు. బల్ల ఎలా ఉందో తెలుసుకోవాలంటే తిని చూడక్కర్లేదు కదా."

"ఇంత బాధ ఎందుకు, వెళ్ళి ఆ స్వరూపానికే తొడిగి చూసుకోవచ్చుగా?"

"ఆదివారం పూజ కాకముందే తొడిగితే ఎలా? మామయ్య ఉన్నన్నాళ్ళూ అత్తయ్య ఆయనకే తొడిగి చూసేవారు. తర్వాత మీకు. ఈ ఏడు మొదటిసారి నా చేతికొచ్చింది. మనిషి ఇంతలో ఇంతవుతాడని నేనేం కలగన్నానా?"

"సరే, కానివ్వు. చలేస్తోంది."

"స్వెటర్ వేసుకుని చలంటారేం?"

"సగం స్వెటర్. ఈ పక్క చెయ్యేది?"

"ఏ పక్క?"

"ఈ పక్క. బాలయేసు పక్క. భుజం దాకా వచ్చి ఆగిపోయింది."

"ఓ, అదా."

"అదా ఏమిటే? రేపే కదా తొడిగేది. ఫాదర్‌గారు సాయంత్రం వచ్చి చూసి వెళ్తారన్నావు."

"వస్తారు. రానివ్వండి."

"వస్తే ఏం చూపిస్తావు? ఒంటిచేతి స్వెటరా?"

"ఆ చేతిమీద బిడ్డ కూర్చుని ఉంటాడులెండి. అంతగా కనబడదు."

"కనబడదని వదిలేస్తావా? బిడ్డను ఎత్తుకున్న చెయ్యి. ముందు చలేసేది దానికే."

"అబ్బో. ఎంత బాధ్యత. ఇటు తిరగండి."

"నాకు బాధ్యత కాదు, ఊరికి. ఆకులు రాలడం మొదలై ఎన్నాళ్ళయింది? చెట్లన్నీ బట్టలు విప్పేసుకుని నిలబడ్డాయి, మనకేమో వేసుకునే యోగం లేదు. జోజప్పగారు తొడుక్కుంటే గానీ ఈ గుడికొచ్చే విచారణ జనంలో ఒక్కరు ఉన్ని ముట్టుకోరు. మొన్న బడిపంతులు ఆగలేక మెడకు మఫ్లర్ చుట్టుకొచ్చాడు, చూశావా?"

"చూశాను. మరియదళం ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసిన చూపుకు పాపం విప్పి జేబులో కుక్కుకున్నాడు."

"పోయిన ఆదివారం పూజలో పాటకన్నా తుమ్ములే ఎక్కువ. ఫాదర్‌గారు ప్రసంగం మధ్యలో ఆపి ముక్కు తుడుచుకుని, స్వెటర్ ఎంతదాకా వచ్చిందమ్మా అని అందరిముందూ అడగలేదూ?"

"అడిగారు. నేను నడుము దాకా అన్నాను."

"పైకి లేచి మరీ అన్నావు. వెనక వరసలో చప్పట్లు కొట్టారు."

"ఏమండీ."

"ఊఁ."

"మీకో సంగతి చెప్పాలి. సంచి దించకండి, ఎత్తుకునే వినండి. నవ్వకూడదు."

"చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. నవ్వే స్థితిలో ఉన్నానా?"

"ఈ స్వెటర్ నేను అల్లింది కాదు."

"మరి?"

"నేను అల్లుతాను. నిజమే. రోజూ సాయంత్రం కూర్చుని అల్లుతాను. కుట్లు జారిపోతాయి. వరసలు వంకర్లు పోతాయి. ఓ చోట వేలు దూరే కన్నం పడుతుంది. విసుగెత్తి, ఇదిగో, ఈ బల్ల పక్క కుర్చీలో పడేసి పడుకుంటాను. పొద్దున లేచి చూస్తే కన్నం ఉండదు."

"పూడుకుపోయి ఉంటుంది."

"ఉన్ని కన్నం దానంతటదే ఎలా పూడుతుందండీ? పుండా అది?"

"ఉన్ని కదా. ఉబ్బుతుంది."

"ఉబ్బేది మీ పిండి. ఈ మెడ చూడండి. నేను అల్లినప్పుడు బక్కెట్ పట్టేలా ఉంది. ఇప్పుడు చూడండి, అచ్చు పోసినట్టు."

"నీ చెయ్యి తిరిగిందే. అంతే. మొదట్లో ఎవరికైనా వంకరగానే వస్తుంది."

"నాకు అల్లడం రాదని మీకు తెలుసు."

"రాదని నేనెప్పుడన్నాను?"

"కిందటేడు మీకు మేజోళ్ళు అల్లాను."

"వెచ్చగా ఉన్నాయి."

"వాటితో మీరు పొయ్యిలోంచి వేడి రేకులు తీస్తున్నారు."

"అందుకే వెచ్చగా ఉన్నాయంటున్నాను."

"అసలు సంగతి ఇది. ఇక్కడ, భుజం దగ్గర. తెల్లగా ఏమిటది?"

"దుమ్ము."

"దుమ్ము ఇంత మెత్తగా ఉంటుందా? వాసన చూడండి."

"వద్దు, తుమ్మొస్తుంది."

"నేను చూశాను. కమ్మగా, గోరువెచ్చగా, కడుపులో ఆకలి పుట్టేలా ఉంది. పరలోకం వాసన."

"పరలోకం వాసన నీకెలా తెలుసు?"

"ఇంకేం వాసన అలా ఉంటుంది? అత్తయ్య అల్లిన స్వెటర్లలోనూ ఇదే పొడి. తొడిగి ఒక్కసారి దులిపితే జోజప్పగారి భుజాలమీంచి తెల్లగా రాలేది. తల్లులు పరుగెత్తుకొచ్చి పిల్లల నుదుటికి రాసేవారు. మీకూ రాశారట, అత్తయ్య చెప్పారు."

"రాశారులే."

"ఇప్పుడు అర్థమైందా?"

"ఏమర్థం కావాలి?"

"జోజప్పగారి స్వెటర్ జోజప్పగారే అల్లుకుంటున్నారు."

"ఏమిటీ?"

"అద్భుతమండీ. మనింట్లో. ఈ కుర్చీలో."

"ఆయన వడ్రంగి అని ఇప్పుడే నువ్వే అన్నావు. వడ్రంగికి అల్లికెలా వస్తుంది?"

"పరలోకంలో ఇన్నాళ్ళు ఖాళీగా కూర్చుని ఏం చేస్తారు? నేర్చుకుని ఉంటారు. అందుకే రెండో చెయ్యి నేను మొదలుపెట్టలేదు. ఉన్ని ఉండ, సూదులు కుర్చీలో పెడతాను. తెల్లారేసరికి ఆయనే అల్లేసుకుంటారు."

"చెయ్యి మొత్తమా? ఒక్క తెల్లవారుజామునా? ఎవరివల్ల అవుతుందే?"

"ఆయనవల్ల అవుతుంది."

"కాదు. మణికట్టు దగ్గర గట్టి పట్టీ అల్లాలి, అక్కణ్ణుంచి వరస వరసకూ కుట్లు పెంచుకుంటూ రావాలి, మోచేతి దగ్గర కాస్త వదులివ్వాలి, చంక దగ్గర మళ్ళీ తగ్గించాలి. పైగా రేపు ఆదివారం, రొట్టెలు రెండింతలు. ఎక్కడ కుదురుతుంది?"

"రొట్టెలకీ జోజప్పగారికీ ఏమిటి సంబంధం?"

"లేదు. ఊరికే అన్నాను."

"కుట్లు పెంచడం, తగ్గించడం, ఇవన్నీ మీకెలా తెలుసు?"

"పిండిక్కూడా అంతే. పెంచాలి, తగ్గించాలి."

"పిండికి చంకలు ఎక్కడుంటాయండీ?"

"ఈ సంచి దించనా? చెయ్యి లాగేస్తోంది."

"దించొద్దు. సాయంత్రం ఫాదర్‌గారు రాగానే అంతా చెప్పేస్తాను."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు. ఆయన బిషప్‌గారికి రాస్తారు. బిషప్‌గారు వస్తారు. ఈ కుర్చీ చుట్టూ తాడు కడతారు."

"కుర్చీకి తాడు కడితే నేను పిండి ఎక్కడ కలుపుకోను?"

"ఇక్కడ పిండేమిటి, ఇది ప్రార్థన మందిరం అవుతుంది. బారులు తీరి వస్తారు. మోకాళ్ళమీద వస్తారు."

"ఆగాగు. ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు."

"హమ్మయ్య."

"పూలామెకు తప్ప."

"పూలామెకా? ఆమెకు చెప్పేకన్నా గంట స్తంభమెక్కి అరవకపోయావా? అమ్మా. ఓ అమ్మా. ఒక్కసారి ఇలా రా."

"ఎందుకురా ఆ కేకలు? ఏదీ, తడిమి చూడనీ. అయ్యో, ఇదేం వేషం? ఆ సంచికి చొక్కా ఏమన్నా తొడగండర్రా, బిడ్డకు చలేయదూ?"

"అమ్మా, నువ్వు చెప్పు. ఈ స్వెటర్‌లో కన్నాలు పూడ్చింది నువ్వే కదా? పొద్దున్నే లేచి సరిచేశావు కదా? చెప్పు, ఫర్వాలేదు, మేమేం అనుకోం."

"నేనా? నాకు గుమ్మం ఏదో గోడ ఏదో తెలియడం లేదు. నిన్న నీ టోపీ చూసి పిల్లి అనుకుని పాలు పోశాను."

"అల్లిన చేతికి కళ్ళెందుకమ్మా? ఇన్నేళ్ళు అల్లావు."

"అల్లాను. కానీ ఇది నేను కాదు. ఏమైందమ్మాయ్?"

"అదే అత్తయ్యా, మీతో అన్నానే. కన్నాలు వాటంతటవే పూడుతున్నాయి. తెల్లపొడి."

"పొడి కూడా పడుతోందా? ఏదీ, నా వేలు పెట్టు. ఆహా. అదే. అచ్చం అదే. నా రోజుల్లోనూ ఇంతే."

"నీ రోజుల్లోనూ ఏమిటమ్మా?"

"నేను వంకరగా అల్లి పడుకుంటే పొద్దుటికి తిన్నగా ఉండేదిరా. మరీ తిన్నగా. నా చేతికంత పనితనం ఎక్కడిది అనుకునేదాన్ని. నిద్రలో లేచి అల్లుతున్నానేమో అనుకున్నాను కొన్నాళ్ళు."

"చూశారా? రెండు తరాల అద్భుతం. పోపుగారిదాకా పోతుందిది."

"పోపుగారు ఎందుకే మధ్యలో?"

"బిషప్‌గారు ఊరుకుంటారా? రాయరూ? అత్తయ్యా, మీ చేత ప్రమాణం చేయిస్తారు. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాల్సి ఉంటుంది, ఈ స్వెటర్ మనిషి అల్లింది కాదని."

"చెబుతాను. చెప్పడానికేముంది. ఉండు, ఫాదర్‌గారు వస్తారు కదా, మొహం కడుక్కుని మంచి చీర కట్టుకొస్తాను. ఏదిరా గుమ్మం?"

"ఎడమపక్క, అమ్మా. ఎడమ. అది బీరువా."

"సరే సరే."

"వెళ్ళిందా?"

"వెళ్ళారు. ఎందుకు గొంతు తగ్గించారు?"

"ఫాదర్‌గారికి చెప్పొద్దే."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు. అమ్మ చేత బైబిలు మీద అబద్ధం చెప్పిస్తావా?"

"అబద్ధమెలా అవుతుంది?"

"అవుతుంది."

"ఎలా?"

"ఎలా అంటే... అవుతుంది."

"నేను వెళ్ళి ముందే ఫాదర్‌గారిని కలుస్తాను. చెప్పులెక్కడ..."

"నేనే."

"ఏమిటి మీరే?"

"కన్నాలు. మెడ. వీపు. నేనే అల్లాను."

"మీరా?"

"మెల్లగా. పొద్దున పిండి కలిపి గుడ్డ కప్పాక అది పొంగేదాకా ఏం చేయను? ఊరికే కూర్చుంటే కునుకొస్తుంది. కునికితే పిండి పులుస్తుంది. ఎదురుగా కుర్చీలో నీ స్వెటర్. అది చూస్తే... కోపం తెచ్చుకోకు, అది చూస్తే కడుపు తరుక్కుపోయేది. నీ పరువు పోతుందని. మొదటి ఏడాది కదా. మరియదళం వాళ్ళేమంటారు?"

"మరి ఆ పొడి?"

"మైదా."

"పరలోకం వాసన?"

"ఈస్టు."

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా అనలేదే అల్లడం వచ్చని. మేజోళ్ళు అల్లుతున్నప్పుడైనా అనొచ్చు కదా. ఎవరు నేర్పారు?"

"అది అడక్కు."

"అడుగుతాను. ఎవరు?"

"నాన్న."

"మామయ్యా?"

"అమ్మకు తెలియకూడదు. నా మీద ఒట్టు. నాన్న నా దగ్గర మాట తీసుకున్నారు. చిన్నప్పుడు ఒకరోజు పొద్దున్నే లేచొచ్చి చూస్తే ఆయన ఈ కుర్చీలోనే కూర్చుని జోజప్పగారి చెయ్యి విప్పి మళ్ళీ అల్లుతున్నారు. నోరు మూసుకుని కూర్చో, నీకూ నేర్పిస్తాను, మీ అమ్మకు మాత్రం చెప్పొద్దు అన్నారు. అమ్మకు అల్లడం రాదే. నీకన్నా రాదు."

"నాకన్నానా?"

"ఒకసారి మెడకు బదులు మూడో చెయ్యి వచ్చింది. నాన్న విప్పడానికే వారం పట్టింది."

"మరి అత్తయ్యకు మరియదళం వాళ్ళు సన్మానం చేశారు కదా."

"అదే చెబుతున్నాను. దండ వేశారు, చప్పట్లు కొట్టారు. ఫాదర్‌గారు ఆమె చేతులెత్తి అందరికీ చూపించారు, ఇవి జోజప్పగారికి వెచ్చదనమిచ్చిన చేతులు అని. నాన్న వెనక వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏం నాన్నా అంటే, చూడరా మీ అమ్మ మొహం అన్నారు. ఇప్పుడు నేను బయటపడితే నాన్న కూడా బయటపడతారు. ఆ పొడి ఒకటే కదా. అమ్మకు మిగిలిందదే. కళ్ళు లేవు, నాన్న లేరు, ఆ స్వెటర్ల పేరొక్కటే ఉంది. అద్భుతమూ వద్దు, బిషప్పూ వద్దు. రెండో చెయ్యి నేను ఎలాగోలా అల్లుతాను, రొట్టెలు మాడినా సరే. నువ్వు అల్లావనే చెబుదాం. అమ్మకు మాత్రం తెలియనీయకు."

"మీ కళ్ళలో నీళ్ళేమిటి?"

"చలి."

"సంచి ఇటివ్వండి. నేనెత్తుకుంటాను."

"ఇప్పుడిస్తావా ఆ అనుమతి? చెయ్యి మొద్దుబారిపోయింది."

"కూర్చోండి. ఇవిగో సూదులు."

"ఇప్పుడా? పగలా? ఎవరైనా చూస్తే?"

"తలుపు వేస్తాను. తెల్లవారుజామున ఒక చెయ్యి మొత్తం కాదని మీరే కదా అన్నారు. ఫాదర్‌గారు వచ్చేలోపు మోచెయ్యి దాకా రావాలి. ఇవిగో, పట్టీకి కుట్లు ఎక్కించి పెట్టారు కూడా."

"ఎక్కించింది ఎవరు? ఇంత వంకరగా?"

"అత్తయ్య."

"అమ్మకు కళ్ళు కనబడవు కదా."

"కనబడ్డ రోజుల్లోనూ నా కుట్లు అంతేనురా. అమ్మాయ్, అయిందా?"

"అయింది అత్తయ్యా. రండి. బీరువా కాదు, ఇటు."

"తెలుసులే. ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నారు."

"మూడో చెయ్యి సంగతి చెప్పాడా?"

"అదీ చెప్పారు."

"అమ్మా. నువ్వు... తలుపు వెనకాలే ఉన్నావా?"

"చల్లగా ఉందిరా అక్కడ. తొందరగా తేల్చావు కాదు."

"నీకు తెలుసా? నాన్న..."

"నాకు చెప్పొద్దని నీ దగ్గర మాట తీసుకున్నారు కదూ? నీకు చెప్పొద్దని నా దగ్గరా తీసుకున్నారు. కొడుకు ముందు నువ్వు చిన్నబోకూడదు అన్నారు. కళ్ళు తుడుచుకో, కుట్లు తడుస్తాయి."

"మరి పూలామె?"

"ఆవిడకు నేనేం చెప్పలేదండీ. వంకరగా అల్లి కుర్చీలో పడేసి పడుకోమన్నది కూడా అత్తయ్యే."

"అంటే ఆ కన్నాలన్నీ..."

"కొన్ని కావాలనే. కొన్ని నిజంగానే. అత్తయ్యా, మీరన్నట్టే జరిగింది. బిషప్‌గారి పేరెత్తగానే కదిలారు, పోపుగారు అనేసరికి చెమటలు పట్టాయి, బైబిలు అనగానే బయటపడ్డారు."

"మెత్తని పిండి నా కొడుకు. మీ మామయ్య పోపుగారికీ లొంగలేదమ్మా. ఆయన చేత ఒప్పించడానికి నేను నిజంగానే బిషప్‌గారిని పిలిపించాల్సొచ్చింది. ఆ ఏడాది జోజప్పగారి మెడపట్టీ అల్లింది ఆ బిషప్‌గారే."